ముందు దవాఖాన తేదీ, ఆ తర్వాతే ఊరి తేదీ: తండాల్లో, గూడేల్లో క్యాన్సర్ పరీక్షలు చేసిన అనుభవం

ఊళ్లో క్యాన్సర్ ముందస్తు పరీక్షలు పెట్టాలనుకున్నప్పుడు మేం మొదటి ఫోను సర్పంచ్‌కో ఆశ కార్యకర్తకో చెయ్యం. పెద్దాసుపత్రికి చేస్తాం. కాల్పోస్కోపీ (గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చూడటం) వారంలో ఏ రోజు చేస్తారు, ముక్క తీసే డాక్టరమ్మ ఆ వారం సెలవులో ఏమైనా ఉన్నారా, పాథాలజీ రిపోర్టు ఎన్ని రోజులకు చేతికొస్తోంది అని కనుక్కుంటాం. జవాబులు దొరికాక అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చి ఊళ్లో తేదీ పెడతాం. అనుమానం తేలిన మనిషిని రెండు వారాల్లోపు పెద్ద డాక్టర్ ముందు కూర్చోబెట్టలేమని తెలిస్తే ఆ క్యాంపు వాయిదా వేయడమే మేలు. అనుమానం ఉందని చెప్పి చేతులు దులుపుకుంటే ఆమె నిద్ర చెడగొట్టడం తప్ప మనం చేసిందేమీ ఉండదు. ఆ కబురు ఊరంతా పాకుతుంది, మరోసారి వెళ్తే బల్ల ఎక్కేవాళ్లే ఉండరు.

ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు తండాల్లో, గూడేల్లో, వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో పని జరిగే తీరు ఇది. కొత్తగా దీనికి దిగే నర్సులకూ, మహిళా సంఘాల వాళ్లకూ, చిన్న స్వచ్ఛంద బృందాలకూ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాం.

ప్రభుత్వ పద్ధతి కాగితం మీద బాగానే ఉంది. 2016 మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకు నోరు, ఆడవాళ్లకు అదనంగా రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఐదేళ్లకోసారి చూడాలి. ఆశ కార్యకర్త ఇంటింటికీ తిరిగి సీబ్యాక్ ఫారం (వయసు, అలవాట్లను బట్టి ముప్పును మార్కుల్లో లెక్కేసే కాగితం) నింపుతుంది. అందులో 4 దాటి మార్కులు వచ్చినవాళ్లను ముందుగా పిలవాలి. మరి జరిగిందెంత? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 30–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 1.9 శాతం. రొమ్ముకూ నోటికీ అయితే 0.9 శాతమే. ఫారం నిండుతోంది, పరీక్ష బల్ల దాకా మనిషి రావడం లేదు. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్కుల్లో మంగళవారం మంగళవారం ఈ పరీక్షలు పెట్టారు. రోడ్డు పక్క ఊళ్లకు అవి అక్కరకొస్తాయి. తాడ్వాయి అడవిలో గూడెం నుంచి వచ్చి పోవాలంటే ఒక రోజు కూలి పోయినట్టే.

కాబట్టి రెండో లెక్క కూలిది. వానాకాలం నాట్లు పడే జులై–ఆగస్టుల్లో క్యాంపు పెడితే బల్ల ఖాళీగా ఉంటుంది. అక్టోబర్ ఆఖరు నుంచి పత్తి ఏరుడు, ఫిబ్రవరి నుంచి మిర్చి కోతలు. ఏటూరునాగారం, మంగపేట వైపు మిర్చికి పొద్దున చీకటితోనే ఆటోలు బయల్దేరతాయి. ఏప్రిల్ చివర, మే నెలలో గూడేల్లో తునికాకు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర పడ్డప్పుడు ములుగు జిల్లా వైద్య సిబ్బంది అంతా అక్కడే ఉంటారు, ఆ నెల మర్చిపోవాలి. మరి ఎప్పుడు? మైదాన గ్రామాల్లో ఎండాకాలం ఉపాధి హామీ పని తెల్లవారే మొదలై ఎండెక్కేసరికి అయిపోతుంది. ఆ తర్వాత పల్లె దవాఖానలో పెడితే వస్తారు. నాట్లకూ పత్తికీ మధ్య, సెప్టెంబర్‌లో దొరికే వ్యవధి అన్నిటికంటే మంచిది. బతుకమ్మ ముందు రోజుల్లో పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలూ దొరుకుతారు. కాకపోతే వాళ్ల అత్తగారి ఊరి పేరు, అక్కడి ఫోను నంబరు కూడా రాసుకోవాలి. పండుగ అయిపోయాక వాళ్లు ఆ ఊళ్లో కనబడరు.

జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ల లెక్క వేరు. వాళ్లకు వెయ్యి బీడీలకింత అని కూలి. ఇంట్లోంచి కదిలితే ఆ రోజు లెక్క తగ్గుతుంది. చుట్టిన బీడీలు అప్పజెప్పే చోటికి దగ్గర్లో, అప్పజెప్పే వేళకే బల్ల వేస్తే దారిలో వచ్చి పోతారు. రోజంతా తంబాకు చేతుల్లో ఉంటుంది కనుక నోట్లో పెట్టుకునే అలవాటు ఉందా అని వాళ్లను విడిగా అడగాలి.

చోటు సంగతి. బడి గదికి లోపలి గడియ ఉండదు. అంగన్‌వాడీలో కిటికీకి రెక్క ఉండదు. మేం చూసేది నాలుగు: లోపల గడియ పడే తలుపు, కిటికీలకు కట్టడానికి మందపాటి దుప్పట్లు, కూర్చునేవాళ్ల చూపు తలుపు మీద పడని వరండా, పది అడుగుల్లో నీళ్లున్న మరుగుదొడ్డి. ఆఖరిది లేకపోతే పరీక్షే సాగదు. మూత్రం పోసి రాకుంటే పొట్ట కింద నొక్కినట్టుండి మనిషి బిగుసుకుపోతుంది, ముఖద్వారం సరిగా కనబడదు. రెండు బడి బెంచీలు కలిపి బల్ల చేయొద్దు, కదులుతాయి. కదిలిందంటే ఆమె భయపడి లేచిపోతుంది. మడిచే ఇనుప బల్ల ఒకటి ఆటోలో వేసుకుపోవడమే సుఖం. చీర విప్పనక్కర్లేదు, పైకి జరుపుకుంటే చాలని వరండాలోనే చెప్పేయాలి. లోపలికి వచ్చాక ఆ మాట చెబితే సగం మంది అప్పటికే వెనక్కి పోయి ఉంటారు.

ఒక బల్ల, ఒక నర్సు ఉంటే మనిషికి పది నిమిషాల చొప్పున పూటకు ముప్పై మంది. అంతకు మించితే చూపు జారుతుంది. వంద మందికి చేశామని బ్యానర్ ముందు ఫొటో దిగే క్యాంపుల మీద మాకు నమ్మకం లేదు. ముప్పై మందికి పట్టుకెళ్లేది ఇలా ఉంటుంది: కస్కో స్పెక్యులమ్‌లు (లోపలి దారిని తెరిచి చూపే పరికరాలు) 35, అందులో పాతిక దాకా మధ్యస్థం, మిగతావి చిన్నవీ పెద్దవీ. చేతి తొడుగులు 70 జతలు, నోటికి వాడినవి కిందికి వాడకూడదు కనుక. పొడుగాటి దూది పుల్లలు వంద. తలకు కట్టుకునే తెల్ల ఎల్ఈడీ లైట్లు రెండు, బ్యాటరీలు అదనంగా. సెల్‌ఫోన్ లైటుతో చూడొద్దు, ఒక చెయ్యి దానికే పోతుంది. పసుపు బల్బు అసలే వద్దు, యాసిడ్ పూసినప్పుడు ముఖద్వారం మీద కనబడే తెల్లమచ్చ తెలుపు దానికింద తేలదు. వాడిన దూది, గాజ్ గుడ్డ ఆకుపచ్చ సంచిలోకి కాదు, పసుపు సంచిలోకి పోవాలి. తొడుగులు, ప్లాస్టిక్ స్పెక్యులమ్‌లు అయితే ఎర్ర సంచి. సంచులను ఊళ్లో వదిలేయకుండా పీహెచ్‌సీకి తిరిగి తీసుకుపోవాలి.

ముఖద్వారానికి పూసే అసిటిక్ యాసిడ్ దగ్గర జరిగే పొరపాట్లే ఎక్కువ. స్టోర్‌లో దొరికేది గ్లేసియల్, దాదాపు నూరు శాతం. అది నేరుగా తగిలితే ఒళ్లు కాలుతుంది. మనకు కావాల్సింది 5 శాతం. 190 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 10 మి.లీ. యాసిడ్ పోస్తే ముప్పై మందికి చాలిన 200 మి.లీ. వస్తుంది. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. కలిపిన సీసా మీద తేదీ, శాతం రాసి, అసలు సీసాను తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. రెండూ పక్కపక్కన బల్ల మీద ఉండటమంత ప్రమాదం ఇంకోటి లేదు. మిగిలింది సాయంత్రం పారబోయాలి, మర్నాటికి దాచొద్దు. చలికాలంలో ఇంకో చిక్కు. గ్లేసియల్ యాసిడ్ 16.6 డిగ్రీల కింద గడ్డకడుతుంది. డిసెంబర్, జనవరి రాత్రుళ్లు మన దగ్గర అంతకంటే చాలా కిందికి పోతాయి, పొద్దున సీసా తెరిస్తే లోపల తెల్లటి గడ్డ. చెడిపోయిందని పారేస్తారు కొందరు, పైన కరిగినంత వంచుకుని కొలుస్తారు ఇంకొందరు. గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో సీసా నిలబెట్టి, మొత్తం కరిగాక కొలవాలి. పొయ్యి మీద పెట్టకూడదు, ఆవిరికి మంట అంటుకుంటుంది. కిరాణా వెనిగర్‌తో కూడా చేయవచ్చంటారు. నిజమే గానీ సీసా మీద 4–5 శాతం అని స్పష్టంగా రాసి ఉంటేనే.

వాడిన ఇనుప స్పెక్యులమ్‌లను ముందు 0.5 శాతం క్లోరిన్ నీళ్లలో పది నిమిషాలు ముంచాలి. 30 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడర్ అయితే లీటరుకు 17 గ్రాములు, 5 శాతం హైపోక్లోరైట్ అయితే ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు. పంచాయతీ ఆఫీసు మూలన ఎన్నాళ్ల నుంచో మూతి తెరిచి ఉన్న బస్తాలోది తేవొద్దు, గాలికి దాని బలం పోయి ఉంటుంది. పది నిమిషాలు దాటితే ఇనుము తినేస్తుంది. ఆ తర్వాత సబ్బు, బ్రష్. ఆటోక్లేవ్ లేని చోట నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఇరవై నిమిషాలు పూర్తిగా మునిగేలా మరిగించాలి. మధ్యలో ఇంకో స్పెక్యులమ్ వేస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి. 35 పట్టుకుపోయేది ఇందుకే, ఊళ్లో మరిగించే పని పెట్టుకోకుండా సాయంత్రం పీహెచ్‌సీలో చేసుకోవచ్చు.

ఇక మాటలు. బ్యానర్ మీద క్యాన్సర్ అని పెద్దగా రాస్తే జనం పలచబడతారు. ఆడవాళ్ల ఆరోగ్య పరీక్షలు అని రాసి, బీపీ, షుగర్ కూడా చూస్తామని చాటింపు వేయిస్తే వస్తారు. అయితే బల్ల ఎక్కించే ముందు ఏం చూస్తున్నామో, ఎందుకో దాపరికం లేకుండా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. బీపీ అని పిలిచి చెప్పకుండా లోపలి పరీక్ష చేయడం మోసం.

ఈ ప్రాంతంలో క్యాన్సర్ భయానికి ఇంకో చరిత్ర ఉంది. తెల్లబట్ట అవుతోందని పోయినామెకు సంచి పాడైంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది అని చెప్పి ముప్పై ఏళ్లకే గర్భసంచి తీయించిన ఇళ్లు ఎన్నో. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయని జాతీయ సర్వేలే చెబుతున్నాయి. అందుకే మా నోట క్యాన్సర్ అన్న మాట రాగానే, “గిప్పుడు గిది గూడ తీసేయాలంటరా అక్కా?” అని అడుగుతారు. పరీక్షలో తెల్లమచ్చ కనబడ్డా సంచి తీయాల్సిన పని లేదనీ, చాలామందికి ఆ మచ్చ వరకే వేడితో మాడ్చేస్తే సరిపోతుందనీ ముందే చెప్పాలి. ఊరి ఆర్ఎంపీ డాక్టర్‌ను పిలిచి ఆయనకూ ఇదే చెప్పాలి. మనం వెళ్లిపోయాక ఆమె మొదట అడిగేది ఆయన్నే.

సంచి తీయించుకున్నవాళ్లు పరీక్షకు వస్తే వెనక్కి పంపకూడదు. ఆపరేషన్ కాగితం ఉంటే చూడాలి. మూతితో (ముఖద్వారంతో) సహా మొత్తం తీసేసి, కారణం క్యాన్సర్ గానీ దాని ముందు దశ గానీ కాకపోతే కింది పరీక్ష అక్కర్లేదు. మూతి ఉంచి పైభాగమే తీస్తే అందరిలాగే చూడాలి. కాగితం ఉండదు, పదికి తొమ్మిది సార్లు ఉండదు. అప్పుడు స్పెక్యులమ్ పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఏది ఏమైనా రొమ్ము, నోరు చూడాల్సిందే.

వీఐఏ (యాసిడ్ పూసి కంటితో చూసే) పరీక్ష క్రమం. నెలసరిలో ఉన్నవాళ్లు, గర్భిణులు, కాన్పై ఆరు వారాలు దాటనివాళ్లు ఆగాలి. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడిందన్నా, భర్తతో కలిసినప్పుడు రక్తం పడుతోందన్నా పరీక్షలో ఏం తేలినా తేలకపోయినా పెద్దాసుపత్రికి రాయాలి. స్పెక్యులమ్ పెట్టాక ముందు యాసిడ్ లేకుండా చూడాలి. పువ్వులా పెరిగిన కండ, ముట్టుకుంటే రక్తం కారే పుండు ఉంటే యాసిడ్ పూయక్కర్లేదు, నేరుగా రిఫర్. లేకపోతే జిగటను పొడి దూదితో తుడిచి, 5 శాతం ద్రావణంలో బాగా తడిసిన దూదిని ముఖద్వారం మీద ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం ఆగాలి. ఈ ఒక్క నిమిషమే అందరూ తినేసేది. బయట మనుషులు కూర్చుని ఉన్నారన్న తొందరలో ఇరవై సెకన్లకే చూసి ఏం లేదని రాస్తే, ఉన్న మచ్చ కూడా తేలదు.

చిక్కటి తెలుపు, స్పష్టమైన అంచు, లోపలి పొరా బయటి పొరా కలిసే గీతకు ఆనుకుని ఉంటే పాజిటివ్. పలచగా మెరిసే తెలుపు, చుక్కలు చుక్కలుగా ఉన్నది, గీతకు దూరంగా ఉన్నది, గీత వెంబడి సన్నటి తెల్ల అంచు, ఇవి కావు. ఇన్ఫెక్షన్ ఎర్రగా మండుతుంటే తెలుపు తప్పుదోవ పట్టిస్తుంది, ముందు మందులిచ్చి తర్వాత పిలవాలి. కనబడ్డది గడియారం అంకెల ప్రకారం బొమ్మ గీసి గుర్తుపెట్టాలి. ఆ బొమ్మ రిఫరల్ చీటీ మీద ఉంటే కాల్పోస్కోపీ డాక్టర్‌కు పని సులువు. యాభై దాటినవాళ్లలో ఆ గీత లోపలికి పోయి ఉంటుంది, కనబడనప్పుడు నెగెటివ్ అని రాయకూడదు, గీత కనబడలేదు అనే రాయాలి. చాలా రిజిస్టర్లలో ఈ గడే ఉండదు, పెన్నుతో గీసుకోవాలి.

వీఐఏ పని అంతా చూసే కంటి మీద ఆధారపడి ఉంది. తమిళనాడు దిండిగల్‌లో శిక్షణ పొందిన నర్సులు చేసినప్పుడు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో, ముంబై బస్తీల్లో స్థానిక కార్యకర్తలతో చేయించినప్పుడు 31 శాతం తగ్గాయని 2014లో వెలువడింది. ఒకప్పుడు మన హైదరాబాద్ సంస్థానంలోనే ఉన్న ఉస్మానాబాద్ జిల్లాలో (ఇప్పుడు మహారాష్ట్రలోని ధారాశివ్) లక్షా ముప్పై వేల పైచిలుకు ఆడవాళ్లతో చేసిన అధ్యయనంలో మాత్రం, వీఐఏ వర్గంలో చెప్పుకోదగ్గ తగ్గుదల రాలేదు. ఒక్కసారి హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్ష చేసిన వర్గంలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. 2009 నాటి మాట అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో హెచ్‌పీవీ పరీక్షనే ముందు పెట్టింది.

మా అనుభవంలో హెచ్‌పీవీకి ఉన్న అసలు బలం వేరే. నమూనా ఆమే తీసుకోవచ్చు. బల్ల అక్కర్లేదు, స్పెక్యులమ్ అక్కర్లేదు, తలుపు గడియ గొడవ లేదు. బ్రష్‌ను వేలి పొడుగు లోపలికి పెట్టి, తట్టిన చోట ఆపి, ఐదారు సార్లు తిప్పి గొట్టంలో వేసి మూత బిగించడమే. బట్ట మీద బొమ్మ గీసి, ఒక ఖాళీ బ్రష్‌తో చేతి పిడికిట్లో చేసి చూపిస్తే వెంటనే పడుతుంది. పొరపాట్లు రెండు చోట్ల: మూత సరిగా తిరగక కారిపోవడం, పేరు చీటీని గొట్టం మీద కాకుండా మూత మీద అంటించడం. టీబీ పరీక్షకు కొన్నిచోట్ల వాడుతున్న ట్రూనాట్ యంత్రం మీదే హెచ్‌పీవీ చిప్ కూడా నడుస్తుంది, కావాల్సింది చిప్‌లు. పాజిటివ్ వస్తే మాత్రం నాలుక జాగ్రత్త. ఎవరి వల్ల వచ్చిందన్న చర్చ పెడితే ఆ ఇంట్లో కొట్లాటే. సంసారం చేసే దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదనీ, చాలామందికి ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుందనీ, పోనివాళ్లను కనిపెట్టడానికే ఈ పరీక్ష అనీ చెప్పి ఊరుకోవాలి.

రొమ్ము పరీక్షకు యంత్రమేమీ అక్కర్లేదు, చేతులు చాలు. కూర్చోబెట్టి చేతులు కిందికి, పైకి, నడుం మీద పెట్టించి మూడు విధాలా చూడాలి. తర్వాత పడుకోబెట్టి మధ్య మూడు వేళ్ల మెత్తలతో చిన్న చిన్న గుండ్రాలుగా, ఒక్కో చోట పైపైన, కొంచెం గట్టిగా, లోతుగా నొక్కుతూ మెడ ఎముక నుంచి కింది దాకా నిలువు వరసల్లో పోవాలి. చంక మర్చిపోవద్దు. గట్టి గడ్డ, నారింజ తొక్కలా గుంటలు పడ్డ చర్మం, కొత్తగా లోపలికి పోయిన చనుమొన, ఒక్క వైపు నుంచే రక్తం కలిసిన స్రావం ఉంటే పంపాలి. “గడ్డ ఉంది గని నొప్పి లేదు” అన్న మాటే మమ్మల్ని ఎక్కువ కంగారు పెట్టేది, నొప్పి లేకపోవడమే ఆమెను నెలల తరబడి ఇంట్లో కూర్చోబెడుతుంది. ఇక్కడ ఎక్కువగా జరిగే అన్యాయం ఇంకొకటుంది: దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో గడ్డ కోసేసి, ముక్క పరీక్షకు పంపకుండా పారేయడం. ముందు సూదితో కోర్ బయాప్సీ, రిపోర్టు వచ్చాకే ఆపరేషన్ అని చీటీ వెనక రాసిస్తాం. కోసేసిందే అయితే ముక్కను పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో, ముక్కకు పదింతల ద్రవంలో వేసి పంపమని ఇంటివాళ్లకు చెబుతాం. పసరు కట్టు కట్టించుకుంటున్నవాళ్లను ఎగతాళి చేస్తే ఇంకోసారి మన ముఖం చూడరు. కట్టు సంగతి వదిలేసి, రిపోర్టు మాత్రం తెప్పించుకుందాం అంటే ఒప్పుకునేవాళ్లు ఉన్నారు.

నోరు చూడటానికి ఆడవాళ్లు వస్తారు గానీ మగవాళ్లు రారు. గుట్కా, జర్దా, తంబాకు, బీడీ ఎక్కువున్నది వాళ్లలోనే. పగలు కాదు, పొద్దుగూకే వేళ టీ హోటల్ దగ్గరో కల్లు మండువ దగ్గరో ఒక కుర్చీ వేసుకుని కూర్చుంటే అయిపోయే పని. అతని వేళ్లే మూడు నిలువుగా నోట్లో పట్టించాలి, రెండే పడితే నోరు మూసుకుపోయే జబ్బు మొదలైందన్నట్టు. పెదవి లోపల, రెండు బుగ్గలు, చిగుళ్లు, అంగిలి, గాజ్ గుడ్డతో నాలుక పట్టి అటూ ఇటూ అంచులు, నాలుక కింద, చివరి దవడ పన్ను వెనక. ఎప్పుడూ వదిలేసేది ఆఖరి రెండూ. గుడ్డతో తుడిస్తే పోని తెల్లమచ్చ, దానికంటే ప్రమాదమైన ఎర్రమచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు ఉంటే పంపాలి.

రిజిస్టర్ గురించి ఎవరూ చెప్పరు గానీ మనుషులు తప్పిపోయేది అక్కడే. ఒక తండాలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు నలుగురు ఉంటారు. బానోతు, భూక్యా, గుగులోతు అని రాసి పక్కన పేరు పెడితే రిపోర్టు ఎవరిదో తేలదు. భర్త పేరు, ఇంటి నంబరు, ఆధార్ చివరి నాలుగు అంకెలు కలిపి రాయాలి. ఫోను నంబరు పక్కన అది ఎవరి దగ్గర ఉంటుందో రాయాలి, భర్తదో కొడుకుదో పక్కింటామెదో. ఎత్తింది ఎవరైనా సరే, ఫలితం ఫోనులో చెప్పొద్దు. రిపోర్టు వచ్చింది, ఫలానా రోజు సిస్టరమ్మను కలవమనండి అంటే చాలు. అడవి ఊళ్లలో ట్యాబ్‌కు సిగ్నల్ అందదు, ముందు కాగితం మీద రాసి, పీహెచ్‌సీకి వచ్చాక పోర్టల్‌లో ఎక్కించాలి.

పంపడం అంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పొండి అని చెప్పడం కాదు. చీటీ మీద ఏ రోజు, ఏ గది, ఎవరిని కలవాలి అన్నది ఉండాలి. ఏటూరునాగారం నుంచి వరంగల్ సుమారు వంద కిలోమీటర్లు. మొదటి బస్సు తప్పితే ఓపీ చీటీ ఇచ్చే వేళ దాటిపోతుంది. అందుకని నలుగురైదుగురిని కలిపి, ఆశ కార్యకర్తను తోడిచ్చి ఒకే రోజు పంపిస్తాం. ఆ రోజు ఆశ కార్యకర్తకు కూలి కట్టివ్వాలి, ఊరికే తిప్పుకోకూడదు. గుంపుగా పోతే ఎందుకు పోతున్నారన్న ఆరా కూడా తగ్గుతుంది. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఛార్జీ బాధ కొంత పోయింది. మిగిలింది కూలి, తోడొచ్చే మగమనిషి ఖర్చు, ఇంట్లో పశువులను ఎవరు చూడాలన్నది. బయల్దేరే ముందు ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు రెండేసి. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ నడుస్తుంది, దాని పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెరిగింది.

ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో ఉంటున్న గొత్తికోయలకు ఈ రెండూ అందవు. తెలంగాణ చిరునామా ఉన్న కార్డు ఉంటేనే సున్నా టికెట్, రేషన్ కార్డు ఉంటేనే ఆరోగ్యశ్రీ. వాళ్ల ఊళ్లో పరీక్ష పెట్టే ముందే గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ వాళ్లతో, ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్రతో మాట్లాడి, తేలినవాళ్లను ఏ దారిన చేర్పించాలో ఖాయం చేసుకోవాలి. మాట తెలిసిన కోయ ఆశ కార్యకర్త లేకుండా ఆ గూడేలకు పోవద్దు, సైగలతో ఒప్పుకోలు తీసుకోలేం.

మచ్చ చిన్నదై, మొత్తం కనబడుతూ, లోపలి దారిలోకి పోకుండా ఉంటే థర్మల్ అబ్లేషన్ సరిపోతుంది. వంద డిగ్రీల పైన వేడెక్కిన మొనను 20–30 సెకన్లు ఆనిస్తారు, మత్తు కూడా సాధారణంగా అక్కర్లేదు. ముఖద్వారంలో నాలుగింట మూడు వంతుల కంటే ఎక్కువ పరుచుకున్నా, క్యాన్సర్ అనుమానం ఉన్నా ఇది పనికిరాదు. నెల రోజులు నీళ్లలాంటి స్రావం ఉంటుందనీ, అప్పటిదాకా భర్తకు దూరంగా ఉండాలనీ చెప్పాలి, వీలైతే భర్తకు కూడా చెప్పాలి. బయాప్సీలో క్యాన్సరే అని తేలితే హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోటికి ప్రయాణం. అక్కడ ఒక్క రోజులో తేలే పని కాదు, బట్టలు సర్దుకుని పోవాలని ముందే చెప్పకపోతే సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చేస్తారు.

పోనని మొండికేసేవాళ్లు ఉంటారు. “నాకేం నొప్పి లేదు గదా, ఎందుకు పోవాలె?” వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో ఎర్ర పెన్నుతో విడిగా ఉంటాయి. సాధారణంగా అడ్డు ఆమె కాదు, అత్తో కొడుకో. వాళ్లతో మాట్లాడాలి. చికిత్స అయ్యి బాగున్న పక్క తండా మనిషి ఒప్పుకుంటే ఆమెను తీసుకుపోతే మా అందరి మాటలకంటే త్వరగా పని అవుతుంది. వైద్యం అయినవాళ్లను ఏడాదికి మళ్లీ చూడాలి. ఆ తేదీ లెక్క ప్రకారం మిర్చి కోతల్లో పడితే, అవి మొదలు కాకముందే ఒక వారం చూసుకుని కబురు పంపుతాం.